బిల్డింగ్ డబ్బుతో కౌన్సెలర్ని పెట్టుకోవచ్చా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది: మీది ప్రకాశం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూలు, 260 మంది పిల్లలు. బడుల భవనాలు బాగుచేసే రాష్ట్ర పథకం నాడు-నేడు రెండో విడతలో మొదలుపెట్టిన రెండు అదనపు తరగతి గదులు పిల్లర్ల దగ్గరే ఆగిపోయాయి, ఇప్పుడు వాటికి డబ్బు కదిలేలా ఉంది. ఈలోపు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి నెల రోజులుగా బడి మానేసింది, ఇంట్లో కూడా ఎవరితోనూ మాట్లాడట్లేదట. ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) చైర్‌పర్సన్‌గా మీరు 'రెండు గదుల్లో ఒకటి ఆపేసైనా ఒక కౌన్సెలర్ని పెట్టుకుందాం' అన్నారు, హెడ్‌మాస్టర్ గారు రూల్స్ ఒప్పుకోవన్నారు. ఆయన చెప్పింది నిజమా, తప్పించుకుంటున్నారా అని మీ ప్రశ్న.

నిజమే. బిల్డింగ్ డబ్బులోంచి కౌన్సెలర్‌కి ఒక్క రూపాయి ఇచ్చినా రేపు ఆడిట్‌లో ఆయన సంతకమే పట్టుకుంటారు. కాకపోతే ఆయన ఆ ఒక్క మాట చెప్పి ఊరుకున్నారు చూడండి, అక్కడే నాకు నచ్చలేదు. చేయగలిగినవి చాలా ఉన్నాయి. నేను 31 ఏళ్లు పంతులుగా చేశాను, అందులో చివరి పదకొండేళ్లు హెచ్‌ఎంగా. మొదటి విడత పనులప్పుడు పేరెంట్స్ కమిటీ కన్వీనర్‌గా ఇసుక లారీల దగ్గర నిలబడి లెక్కలు రాసుకున్నవాణ్ణి. రిటైరై మూడేళ్లయింది కాబట్టి కాస్త ధైర్యంగానే మాట్లాడతాను.

ముందు ఈ డబ్బు సంగతి. ప్రభుత్వం దగ్గర ఒకసారి పెట్టే ఖర్చు వేరు, నెలనెలా పెట్టే ఖర్చు వేరు. గది కట్టడం మొదటిది, మనిషిని పెట్టి జీతమివ్వడం రెండోది. గదులు కట్టడానికి రాష్ట్రం నాబార్డు దగ్గర అప్పు తెచ్చుకోగలదు, కేంద్రం వాటా అడగగలదు, ఎంపీ నిధులు, కంపెనీలు సమాజం కోసం పెట్టే సీఎస్ఆర్ డబ్బు, ఎక్కడెక్కడివో కలుపుకోగలదు. మనిషికి జీతమంటే మాత్రం ఆ పోస్టు మంజూరవ్వాలి, ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, ఏటా బడ్జెట్లో ఆ పద్దు మోసుకుంటూ పోవాలి. అందుకే ఏ పార్టీ వచ్చినా గది కట్టిస్తుంది గానీ మనిషినివ్వడానికి వెనకాడుతుంది. మా బడి గోడకి మూడు శిలాఫలకాలున్నాయి, అందులో రెండు ఒకే గదికి, ఒకటి శంకుస్థాపనకి, ఒకటి ప్రారంభోత్సవానికి. మా ఏడో తరగతి లెక్కల పోస్టు నాలుగేళ్లు ఖాళీగా ఉంటే దానికి ఏ ఫలకమూ లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. విద్యాహక్కు చట్టం చివర్లో ఒక షెడ్యూలు ఉంటుంది, బడికి ఏమేం ఉండాలో అందులో రాశారు. టీచరుకొక గది, హెచ్‌ఎంకి ఆఫీసు-స్టోరు కలిపి ఒక గది, ఆడపిల్లలకి మగపిల్లలకి వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది దాటితే పార్ట్‌టైం బోధకులు కూడా ఉండాలన్నారు, బొమ్మలకి, ఆటలకి ఆరోగ్యానికి, చేతిపనులకి. కౌన్సెలర్ అనే మాటే లేదు. నాడు-నేడు 2019 నవంబర్ 14న ఒంగోల్లో మొదలైనప్పుడు తొలివిడత 15,715 బడులకి పెట్టిన తొమ్మిది అంశాల జాబితా తీయండి: మరుగుదొడ్లు, నీళ్లు, మరమ్మతులు, కరెంటు ఫ్యాన్లు, ఫర్నిచర్, ఆకుపచ్చ బోర్డులు, రంగులు, ఇంగ్లిష్ ల్యాబు, ప్రహరీ. తర్వాత వంటగది కలిపారు. తెలంగాణలో 2022లో 'మన ఊరు-మన బడి' అని 26,065 బడులకి 7,289 కోట్లతో పన్నెండు అంశాలు పెట్టారు, అక్కడా ఇంతే. నేను ఆ పథకాల్ని తప్పుపట్టడం లేదు. వర్షం వస్తే పిల్లల్ని ఇంటికి పంపేసిన రోజులు చూసినవాణ్ణి, ఆ స్లాబు విలువ నాకు తెలుసు. డబ్బులు ఏ జాబితా ప్రకారం వస్తాయో ఆ జాబితాలో పిల్ల మనసు లేదు, అంతే చెప్తున్నా. మీ హెచ్‌ఎం కుదరదన్నది ఆ జాబితా చూసే.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఒకసారి మా దగ్గర పదో తరగతి పిల్లలు పరీక్షల ముందు బాగా బెదిరిపోతుంటే, టౌన్లో తెలిసిన సైకాలజిస్టు ఒకావిడని మూడు శనివారాలు రప్పించాను. ఆవిడ ఫీజు అడగలేదు, బస్సుకి భోజనానికి అని రోజుకి 600 ఇచ్చాను. ఏ పద్దులో రాయాలో తెలియక స్కూలు గ్రాంటులో 'చిన్న మరమ్మతులు' కింద రాసేశాను. ఏడాది తర్వాత ఆడిట్ వాళ్లొచ్చి ఆ 1,800కి వోచర్ ఏదన్నారు. 'మరమ్మతే కదండీ సార్' అన్నాను, నవ్వుతాడనుకున్నా, నవ్వలేదు. జేబులోంచి కట్టాను. తప్పు నాదే, అబద్ధపు పద్దు రాయడం. నిజం చెప్పి తీర్మానం రాయించి దాతల దగ్గర తీసుకుని ఉంటే ఎవరూ అడిగేవారు కాదు.

ఇక మీ చేతిలో ఉన్నదాంతో ఏం చేయొచ్చో చూద్దాం. మొదట ఆ బిల్డింగే.

మా బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి ఉండేది. రోజూ పదకొండు గంటల వేళ కడుపునొప్పి అనేది, మధ్యాహ్నం ఇంటికి పోయేది, మళ్లీ వచ్చేది కాదు. ఏఎన్ఎం చూసింది, పీహెచ్‌సీకి తీసుకెళ్లారు, మందులిచ్చారు, తగ్గలేదు. దొంగవేషాలని టీచర్లు, గాలి సోకిందని వాళ్ల నాయనమ్మ. చివరికి మా హిందీ టీచరమ్మ ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని నోట్సు దిద్దుతూ దిద్దుతూ మెల్లిగా అడిగితే బయటపడింది. ఆడపిల్లల మరుగుదొడ్డికి లోపలి గడియ ఊడిపోయింది. ఒకరోజు ఎవరో తలుపు తోసి నవ్వారు. అప్పట్నుంచి ఆ పిల్ల పొద్దున నీళ్లు తాగకుండా వచ్చి, మధ్యాహ్నందాకా బిగబట్టుకునేది. గడియ ఖరీదు 60 రూపాయలు, బిగించినందుకు వడ్రంగి తీసుకున్నది వంద. ఆ దొడ్డికి గోడలకి టైల్స్ వేశాం, బయట బొమ్మలు గీయించాం, ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించాం. గడియ లేదన్న సంగతి మాత్రం యాప్ అడగలేదు, నేనూ చూడలేదు.

అందుకని మీరు కమిటీలో ఉన్నవాళ్లుగా ముందు చేయాల్సిన పని ఇది. ఇద్దరు తల్లులు కలిసి ఆడపిల్లల మరుగుదొడ్లలోకి స్వయంగా వెళ్లి చూడండి. గడియ పడుతుందా, నీళ్లు వస్తున్నాయా, వాడిన ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బా ఉందా, తాళం ఎవరి దగ్గరుంది, ఆ తాళం కోసం పిల్ల మగ టీచరు దగ్గరికి వెళ్లి అడగాల్సి వస్తుందా. ఈ ఖర్చుకి పద్దు ఉంది, కొత్తగా ఎవర్నీ అడగక్కర్లేదు. సమగ్ర శిక్షలో (బడులకి కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బిచ్చే పథకం) ప్రతి బడికీ ఏటా కాంపోజిట్ గ్రాంటు ఉంటుంది, పిల్లల సంఖ్యని బట్టి: 30 మందిలోపు 10,000, 100 వరకు 25,000, 250 వరకు 50,000, వెయ్యి వరకు 75,000, ఆపైన లక్ష. 260 మంది అంటే మీరు 75,000 స్లాబులో ఉన్నారు (పది మంది తగ్గితే 50,000కి పడిపోతారు, అందుకే యూడైస్‌లో, అంటే బడుల లెక్కలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్‌లో, పేర్లు ఎక్కించేటప్పుడు ఒక కన్నేసి ఉంచండి). అందులో కనీసం పది శాతం పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని రూలే ఉంది. విడతల్లో వస్తుంది, ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి ఫిబ్రవరిలో వచ్చి మార్చి 31కల్లా ఖర్చు పెట్టమంటారు, లేకపోతే వెనక్కి పోతుంది. కాబట్టి ఏం కొనాలో తీర్మానం ముందే రాసి పెట్టుకోండి. దీంతోపాటు పిల్లల్ని బడికి పంపే తల్లులకిచ్చే తల్లికి వందనం 15,000లో పిల్లకి 2,000 మినహాయించి బడుల నిర్వహణకని పక్కన పెడుతున్నారు కదా, అది మీ డబ్బే, మీ బడికి అందులో ఎంత వచ్చింది, దేనికి పెట్టారు అని మీటింగులో అడిగే హక్కు మీకుంది. గొడవపడమని కాదు, అడగమని.

ఇప్పుడు ఆ రెండు గదులు. ఒక గది ఆపేద్దాం అనే ఆలోచన మానుకోండి, ఆపితే ఆ డబ్బు మీకు మిగలదు, వెనక్కి పోతుంది, పైగా వచ్చే ఏడాది 'వీళ్లు ఉన్నదే ఖర్చు పెట్టలేదు' అంటారు. రెండూ కట్టించుకోండి. కట్టేటప్పుడు ఇంజినీరింగ్ అసిస్టెంట్‌తో మాట్లాడి ఒక గదికి చివర్లో పది పన్నెండు అడుగులు వదిలి అడ్డుగోడ కట్టించుకోవచ్చేమో చూడండి. ఎస్టిమేట్ దాటకుండా, మంజూరైన కొలతల్లోనే, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. కుదరకపోతే పాత స్టోరు రూము ఖాళీ చేయించండి. ప్రతి బడిలోనూ విరిగిన బెంచీలు దాచిన ఒక గది ఉంటుంది, అవి వేలం వేయడానికి ఎవరికీ తీరిక ఉండదు.

ఆ గది గురించి ఒక మాట. మా దగ్గర అలాగే ఒక గది సిద్ధం చేసి, నీలం రంగు వేయించి, తలుపు మీద పెద్ద అక్షరాలతో 'కౌన్సెలింగ్ గది' అని పెయింటర్ చేత రాయించాను. మూడు నెలల్లో ఒక్క పిల్ల రాలేదు. వచ్చేదెలా, వరండాలో నాలుగు తరగతుల వాళ్లు చూస్తుంటే ఆ తలుపు తోసుకుని లోపలికెళ్తే సాయంత్రానికల్లా 'దానికి పిచ్చంట' అని ఊరంతా అయిపోదూ! కమిటీ మీటింగులో ఒక పెద్దాయన అయితే కౌన్సిలర్ అంటే మున్సిపాలిటీ కౌన్సిలర్ అనుకుని 'మన ఊరు పంచాయితీ కదా, మనకెందుకు' అన్నాడు. సరే, ఆ అక్షరాల మీద సున్నం కొట్టించి 'పుస్తకాల గది' అని రాయించాం. రెండు బీరువాలు లైబ్రరీ పుస్తకాలు, ఒక చాప, రెండు కుర్చీలు, ఒక కూజా. కిటికీ రోడ్డు వైపు కాకుండా వేప చెట్టు వైపు. లంచ్ అరగంట హిందీ టీచరమ్మ అక్కడే కూర్చునేది, తన పనేదో తను చేసుకుంటూ. పుస్తకం కోసం వచ్చినవాళ్లలో పదిమందికి ఒకరు పుస్తకం తీసుకోకుండా నిలబడేవాళ్లు. ఆవిడకి అది చాలు. తలుపు మాత్రం ఎప్పుడూ పూర్తిగా మూసేది కాదు, మాట బయటికి వినపడకూడదు గానీ మనుషులు కనపడాలి, ఇది పిల్ల భద్రతకీ టీచరు భద్రతకీ కూడా అవసరం.

మనిషి సంగతికొద్దాం. మీరు అడిగిన అసలు ప్రశ్న ఇదే కదా.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది, అది మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి తండ్రి పోరాడి తెచ్చుకున్నది. దర్యాప్తు సీబీఐకి అప్పగిస్తూనే కోర్టు దేశంలోని బడులు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నింటికీ పదిహేను మార్గదర్శకాలు పెట్టింది, చట్టం వచ్చేదాకా అవే చట్టంతో సమానమంది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్నో కనీసం ఒకర్ని పెట్టుకోవాలి. వందలోపు అయితే బయటి నిపుణులతో రాతపూర్వక ఏర్పాటు ఉండాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం కూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు తరగతి గదుల్లో, హాస్టళ్లలో కనపడేలా పెద్ద అక్షరాలతో రాయాలి. జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ.

మీ బడిలో 260 మంది. లెక్క ప్రకారం మీరు ఆ వందకి పైన ఉన్నవాళ్లే. రేపే కౌన్సెలర్ వచ్చేస్తారని చెప్పను, కోర్టు ఉత్తర్వుకీ పోస్టు మంజూరుకీ మధ్య ఎన్ని ఫైళ్లుంటాయో నాకు తెలుసు. కానీ ఇప్పటిదాకా 'మాకు కౌన్సెలర్ కావాలి' అనేది కోరిక, ఇప్పుడది హక్కుగా అడగొచ్చు. అడిగే పద్ధతి ఇది: విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ కింద మీ ఎస్‌ఎంసీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. చాలా బడుల్లో దాన్ని సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) గారు పాత ఏడాది కాగితం చూసి నింపేస్తారు, కమిటీ సంతకాలు పెడుతుంది. ఈసారి మీరు కూర్చుని రాయించండి. 'మా బడిలో 260 మంది, తీర్పు ప్రకారం కౌన్సెలర్ అవసరం, పోస్టు వచ్చేలోపు మండలానికొకరినైనా వారానికి ఒకరోజు మా బడికి పంపాలి' అని తీర్మానం. కాపీలు ఎంఈఓకి (మండల విద్యాధికారి), డీఈఓకి (జిల్లా విద్యాధికారి), సమగ్ర శిక్ష జిల్లా ఆఫీసుకి, కలెక్టర్‌కి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే నంబరు పడుతుంది, ఆ నంబరు దాచుకోండి. సమగ్ర శిక్షలో గైడెన్స్, కౌన్సెలింగ్ అనే అంశం ఉంది. దాని ఖర్చులో మన రాష్ట్రానికి కేంద్రం 60, రాష్ట్రం 40 పెడతాయి, కానీ రాష్ట్రం ఏటా తన ప్రణాళికలో అడిగితేనే వస్తుంది. కింది నుంచి కాగితం పోకపోతే పైన అడిగేవాళ్లుండరు. మీరొక్కరు రాస్తే ఏమవుతుందంటే ఏమీ అవకపోవచ్చు, మీ స్కూలు కాంప్లెక్సులోని (చుట్టుపక్కల బడుల గుంపు) బడులన్నీ ఒకే వారంలో రాస్తే డీఈఓ ఆఫీసులో కనీసం ఒక కొత్త ఫైలు తెరుస్తారు.

ఎంపీ నిధులు అడుగుదామా అని కూడా రాశారు. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి, గదికో ప్రహరీకో అడగండి, మనిషికి అడక్కండి, శాశ్వతంగా నిలిచే పనులకే ఇస్తారు. పంచాయతీకొచ్చే ఆర్థిక సంఘం నిధుల్లోంచి నీళ్లు, మరుగుదొడ్ల పనులు చేయించుకోవచ్చు, జీతాలు కుదరవు. ఇలాంటి బయటి నిధుల్లో మనిషి జీతానికి కొంచెం దారి ఉన్నది ఒక్క సీఎస్ఆర్‌లోనే, చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం పెట్టాలి కాబట్టి. అది కూడా రెండు మూడేళ్లు ఉంటుంది, తర్వాత ఆగిపోతుంది. పిల్ల ఒకరికి అలవాటు పడి మనసు విప్పేసరికి ఆ మనిషి ప్రాజెక్టు అయిపోయిందని వెళ్లిపోతే అంతకన్నా నష్టం ఇంకోటి లేదు. తీసుకుంటే మూడేళ్లకి రాసిచ్చినవాళ్ల దగ్గరే తీసుకోండి. ఇక 'ఫ్రీగా మోటివేషన్ క్లాస్ చెప్తాం' అని మైకు పట్టుకుని వచ్చి రెండొందల మంది పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టి ఏడిపించి పోయేవాళ్లని గేటు దగ్గరే ఆపండి, నా మాట వినండి.

ఈలోపు ఇప్పటికిప్పుడు మీ బడిలోనే ఉన్న మనుషులు ఎవరంటే: 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడుల ఆరోగ్య కార్యక్రమం ఒకటి మొదలైంది. ప్రతి బడిలో ఇద్దరు టీచర్లని, వీలైతే ఒకరు మగ ఒకరు ఆడ, హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లుగా పెట్టాలి, పదకొండు అంశాల మీద వారానికొక గంట చెప్పాలి, అందులో మానసిక ఆరోగ్యం ఒక అంశం. మీ బడిలో ఆ ఇద్దరెవరో హెచ్‌ఎం గారిని అడగండి. రికార్డులో పేర్లు ఉంటాయి. ఆ పేరున్న టీచరుకే తెలియకపోవడం కూడా నేను చూశాను, కాబట్టి నవ్వొచ్చినా నవ్వకండి. ఆ ఇద్దరిలో పిల్లలు నిజంగా దగ్గరికి పోయే టీచరు ఎవరో మీకు తెలుసు, ఆవిడకి లంచ్ తర్వాత ఒక పీరియడ్ ఖాళీ ఇప్పించండి. ఆ ఒక్క పీరియడ్ ఏ గ్రాంటూ ఇవ్వదు, టైంటేబుల్ వేసే హెచ్‌ఎం ఇవ్వగలరు. ఇంకా, ఏటా ఆటల గ్రాంటు హైస్కూలుకి 25,000 వరకు ఉంటుంది. దాంతో కొన్న బంతులు బీరువాలో ఉన్నాయో గ్రౌండులో ఉన్నాయో చూడండి. పదో తరగతి వాళ్లకి జనవరి నుంచి గేమ్స్ పీరియడ్ పీకేసి స్టడీ అవర్ పెడతారు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 3.79 లక్షల మంది పిల్లల్ని అడిగితే 81 శాతం తమ ఆందోళనకి చదువు, పరీక్షలు, ఫలితాలే కారణమన్నారు. అలాంటప్పుడు ఉన్న ఒక్క ఆట పీరియడూ తీసేయడం ఏం తెలివో నాకైతే అర్థం కాదు, నా సర్వీసులో నేనూ నాలుగేళ్లు అదే చేశాను.

టీచరు డాక్టరు కాదు, అది మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. టీచరు పని వినడం, గుర్తుపట్టడం, దాటించడం. దాటించాలంటే అవతల గట్టున ఎవరో ఉండాలి కదా. ఆర్బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం) డాక్టర్లు ఏడాదికోసారి బడికి వస్తారు, ఆ రోజు మూడొందల మందిని బరువు తూచడంతోనే సరిపోతుంది, కానీ ముందే ఫలానా పిల్లని చూడండి అని పక్కకి తీసుకెళ్లి చెప్తే చూస్తారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అని ఉంది, దాని కింద జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టు ఉంటారు, మీకు ఒంగోలు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో ఆ విభాగం ఉంది. ఫోనులో అయితే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, రాత్రీ పగలూ, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఈ నంబరు ఆ కొత్త గదుల గోడ మీద పెయింటర్ చేత రాయించడానికి ఏ పద్దూ అడ్డం రాదు. మహాపురుషుల సూక్తులు రాసే చోట ఒక్క సూక్తి తగ్గించుకుంటే సరిపోతుంది.

ఆ అమ్మాయి సంగతి ఆఖరికి ఉంచాను, కానీ చేయాల్సింది ముందు ఇదే. గదులు, తీర్మానాలు వారం ఆగొచ్చు, ఆ పిల్ల ఆగలేదు.

రేపో ఎల్లుండో ఆ అమ్మాయికి ఇష్టమైన టీచరు ఒక్కరే వాళ్లింటికి వెళ్లాలి. హెచ్‌ఎం, ఎస్‌ఎంసీ, మహిళా పోలీసు, అంతా కలిసి జీపులో దిగకండి. 'ఎందుకు రావట్లేదు' అని వాళ్ల నాన్న ముందు అడగొద్దు. కూర్చోవాలి, కాఫీ తాగాలి, తోటి పిల్లల కబుర్లు చెప్పాలి, లేచి వచ్చేయాలి, రెండు రోజులాగి మళ్లీ వెళ్లాలి. మాట్లాడకపోయినా సరే. రెండోసారో మూడోసారో ఆ పిల్ల వాకిట్లోకి వచ్చి సాగనంపుతుంది చూడండి, అప్పుడు అసలు మాట వస్తుంది.

ఆ మాట ఏదవుతుందో మనకి తెలియదు. పెళ్లి సంబంధం చూస్తున్నారని కావచ్చు, మన వైపు తొమ్మిదో తరగతి అనగానే నాకు ముందు ఆ అనుమానమే వస్తుంది, అదే అయితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, ఎవరు చేశారో బయటపెట్టరు. ఎవరైనా చెయ్యి వేశారని చెప్తే అది బడిలోనో ఊళ్లోనో పెద్దమనుషులు కూర్చుని తేల్చే వ్యవహారం కాదు. పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే చెప్పనివాళ్ల మీదే కేసు. అందుకే టీచరు ముందే 'ఎవరికీ చెప్పను' అని ఒట్టు వేయకూడదు, 'నీకు సాయం చేసేవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పను' అనాలి. బతకాలని లేదు అన్నట్టుగా ఏమాత్రం మాట్లాడినా దాన్ని మాట వరసకి అన్నదనుకోవద్దు. 'చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా' అని నెమ్మదిగా నేరుగా అడగొచ్చు, అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడక్కర్లేదు, అడిగేవాళ్లు దొరికారని పిల్ల గుండె తేలికపడుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, అక్కడినుంచే 14416కి చేసి, తల్లినో పిన్నినో పక్కనుంచి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మళ్లీ బడికొచ్చిన రోజు మాత్రం ఎవరూ 'ఇన్నాళ్లు ఏమైపోయావు' అని అడక్కుండా ముందే టీచర్లకి చెప్పి ఉంచండి, హాజరు శాతం మాట అసలే ఎత్తొద్దు.

గదుల ఎస్టిమేటు, ప్లాను కాపీ మీ దగ్గరుంటే ఫొటో తీసి పెట్టండి. స్లాబు పడకముందే కిటికీ ఏ గోడకి వస్తోందో, అడ్డుగోడకి చోటుందో లేదో చూసి చెప్తాను. స్లాబు పడ్డాక ఏఈ ఒక్క ఇటుక కూడా కదపనివ్వడు.